ఆరో అధ్యాయం

చిక్కడపల్లి బజారులో ఒక బట్టలకొట్టు పక్కనుంచి ఇరుకు మెట్లెక్కితే వీరరాఘవరావుగారి టైపు ఇన్‌స్టిట్యూటు. పది మిషన్లుండేవి. వాటిలో రెండింటికి ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. కింద రోడ్డు మీద రిక్షాల గంటలు, పైన మిషన్ల గంటలు కలిసి మోగుతుంటే, ఆయన తన కుర్చీలో కూర్చుని రూళ్ళకర్రతో బల్ల అంచు మీద తాళం వేస్తూ ఉండేవారు. తాళం తప్పినవాళ్ళను తలెత్తకుండానే పట్టుకునేవారు. "మూడో మిషనూ, నీ చిటికెనవేలు నిద్రపోతోంది, లేపు" అనేవారు.

అయితే మా పేటలో ఆయనకున్న పేరు టైపు వల్ల వచ్చింది కాదు. తల తెరిచి కోసినా బతికిన మనిషి అని ఆయన పేరు. నారాయణగూడ చౌరస్తా దాకా ఎవరింట్లో ఎవరికి తలలో జబ్బని తేలినా, ఆపరేషన్ అంటే భయపడుతున్నా, ముందు ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆయన చొక్కా తొడుక్కుని వాళ్ళింటికి వెళ్ళి, రోగి మంచం పక్కన కూర్చుని, తల వంచి ఎడమ చెవి పైన ఉన్న గుంట చూపించేవారు. అక్కడ ఎముక తీసేశారు. "పట్టి చూడు. ఇందులో చిన్న నిమ్మకాయ పడుతుంది. నేను బతకలేదూ?" అనేవారు. ఆయన మాట మీద ఆపరేషన్‌కి ఒప్పుకున్నవాళ్ళు మాకు తెలిసే ముగ్గురు నలుగురున్నారు.

ఆయనది బాపట్ల దగ్గర పల్లె. కర్నూలులో సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేరి, రాజధానితో పాటు హైదరాబాదు వచ్చారు. అశోక్‌నగర్‌లో మేము పైవాటాలో, ఆయనా వేదవతి పిన్నిగారూ కింది వాటాలో కిరాయికుండేవాళ్ళం. వాళ్ళకు పిల్లలు లేరు. అరవై మూడులో ఒకరోజు ఆఫీసులో ఫిట్స్ వచ్చి మిషను మీదికి పడిపోయారు. మెదడులో గడ్డ అన్నారు. శ్రావణ పౌర్ణమినాడు ఆపరేషన్ జరిగింది. తరవాత ఉద్యోగం వదిలేసి, నెమ్మది మీద నడుస్తుందని ఇన్‌స్టిట్యూటు పెట్టుకున్నారు.

అప్పటినుంచి ఏటా శ్రావణ పౌర్ణమికి ఆయన సత్యనారాయణ వ్రతం చేసేవారు. అదే తన పుట్టినరోజు అనేవారు. వ్రతకథ అయిదు అధ్యాయాలూ పురోహితుడు చదివి హారతి ఇచ్చాక కూడా జనం లేచేవారు కాదు. ఎందుకంటే ఆ తరవాత ఆయన తన ఆపరేషన్ కథ చెప్పేవారు. పేటలో దానికి ఆరో అధ్యాయం అని పేరు పడింది. గుండు కొట్టే మంగలి సగం తలే గొరిగి "మొక్కు సగమేనా సారూ" అని అడగడం, మెలకువ రాగానే తన పదివేళ్ళూ దుప్పటి మీద మొదటి పాఠం టైపు కొట్టుకోవడం, అన్నీ నటించి చూపించేవారు. చివర మాత్రం మామూలు గొంతుతో, "డాక్టరుగారు మా అన్నయ్యను వరండాలోకి పిలిచి అన్నారట. అంతా తీసేశాను, ఇక భయం లేదు, నిశ్చింతగా ఉండమనండి అని" అనేవారు. అప్పుడు పిన్నిగారు లేచి ప్రసాదం పంచేవారు. ఆ మాట దాకా ఆవిడ ఎప్పుడూ తలెత్తేవారు కారు. భక్తి అనుకునేవాళ్ళం.

అరవై తొమ్మిదిలో నేను ఎం.ఏ. చదువుతుండగా తెలంగాణా గొడవల వల్ల కాలేజీలు మూతపడ్డాయి. ఇంట్లో నవలలు చదువుతూ కూర్చుంటే కళ్ళు పోతాయని మా నాన్న నన్ను ఇన్‌స్టిట్యూటులో చేర్పించారు. పదిమంది మగపిల్లల మధ్య కూర్చోలేక నేను ఇబ్బంది పడుతుంటే, మాస్టారు ఏమీ అడగకుండానే ఒక మిషను తీసి మూలగా, గోడవైపు తిప్పి పెట్టించారు. "ఇదిగో అమ్మాయ్, ఇక్కడ నీకూ గోడకూ తప్ప ఇంకెవరికీ తప్పులు కనపడవు" అన్నారు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఆదివారం పొద్దున కురుమమ్మ వచ్చింది. ఆమె భర్త ఈరన్న తాపీమేస్త్రీ. పాలమూరు వైపునుంచి వచ్చి లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర బస్తీలో ఉండేవాళ్ళు. మా పైవాటా కట్టింది అతనే. వారం కింద ఎదురింటి గోడ కడుతూ ఫిట్స్ వచ్చి పడిపోయాడు.

ఆదివారం మాస్టారికి తలంటు రోజు. పెరట్లో పీట మీద ఆయన కూర్చుంటే పిన్నిగారు తలకు నూనె మర్దనా చేస్తున్నారు. నేను మెట్ల మీద పుస్తకంతో ఉన్నాను.

"సారూ, జర మాట్లాడాలె" అంది కురుమమ్మ.

"రా, కూర్చో. తల నూనెలో ఉంది గాని చెవులు ఖాళీయే."

"మా ఇంటాయనకు తలకాయల గడ్డ ఉన్నదంట. కోస్తమంటున్నరు. మా మరిదేమో వద్దంటుండు. కోసినంక పిచ్చోడైతడంట. నువ్వు కోయించుకున్నవు గద సారూ. నువ్వెట్లంటె అట్ల."

"నన్ను చూస్తే పిచ్చివాడిలా ఉన్నానా?"

కురుమమ్మ ఆయన నూనె మొహంవైపు చూసి, "గిప్పుడైతె జర అట్లనే ఉన్నవు" అంది. పిన్నిగారితో సహా అందరం నవ్వాం.

ఆయన అలవాటు ప్రకారం తల వంచారు. "ఇక్కడ పట్టి చూడు. గుంట తగులుతుంది."

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, భయం భయంగా వేలు పెట్టింది. మళ్ళీ పెట్టింది. "గుంటేది సారూ? మెత్తగ ఉబ్బింది. పసిపోరల మాడు లెక్క."

పిన్నిగారి చేతులు ఆగిపోయాయి.

"ఆరేళ్ళుగా ఈవిడ వంట తింటున్నాను. పూడక ఏమవుతుంది" అన్నారు మాస్టారు. "అంతేనా వేదా?"

"అంతే" అన్నారావిడ. చేతులు మళ్ళీ కదిలాయి.

"ఈరన్నకు ఏమని చెప్పావు?" అని ఆయన కురుమమ్మను అడిగారు.

"గడ్డని చెప్పలే. కింద పడ్డవు, దెబ్బకు నెత్తురు గట్టిందని చెప్పిన."

"మంచిపని చేశావు. గడ్డ అన్నమాట అతని చెవిన పడనీయకు. మగవాళ్ళకు పైకి మీసాలేగాని లోపల గుండె తక్కువ. నయమయ్యాక నువ్వే నవ్వుతూ చెబుదువుగాని. ఆపరేషన్ మాత్రం మానకు. పౌర్ణమికి మా వ్రతానికి ఇద్దరూ రండి. ఏ సంగతీ బయటపెట్టకుండా నేను ధైర్యం చెబుతాను."

కురుమమ్మ ఆయన కాళ్ళకు దండం పెట్టి వెళ్ళింది. ఆసుపత్రిలో ఈరన్నకు మంచం దొరకడానికి ఇంకా నెలల మీద పడుతుందన్నారు. మాత్రలు ఇచ్చి ఇంటికి పంపారు.

ఆ తరవాత కొద్దిరోజులకే మాస్టారి కుడిచేతి చివరి రెండు వేళ్ళు దారి తప్పడం మొదలుపెట్టాయి. ఆయన కొట్టిన కాగితంలో కొన్ని అక్షరాలు వెలిసిపోయినట్టు పడేవి. మొదట మిషనును తిట్టారు. మెకానిక్‌ను పిలిపించి శుభ్రం చేయించారు. మిషను మార్చారు. కొత్త మిషను మీదా అవే అక్షరాలు వెలిశాయి. మూడో మిషను కుర్రాడు "మాస్టారూ, మీ చిటికెనవేలు నిద్రపోతోందండీ" అన్నాడు. ఆయనే అందరికంటే గట్టిగా నవ్వారు. మరునాడు తాళం వేస్తుండగా రూళ్ళకర్ర చేతిలోంచి జారి కిందపడింది. ఆయన దానివైపు చూస్తూ ఉండిపోయారు. నేనే లేచి తీసి ఇచ్చాను.

గాంధీనగర్‌లో ఉండే వాళ్ళన్నయ్య కాశీవిశ్వనాథంగారు వచ్చి ఆసుపత్రిలో చేర్పించారు. పాత డాక్టరే చూశారు. వెన్నులోంచి గాలి ఎక్కించి ఎక్స్‌రేలు తీశారు. పాత గాటు దగ్గరే చిన్న బెజ్జం వేసి లోపలి ముక్క పరీక్షకు పంపారు. అన్నగారిని వరండాలోకి పిలిచి డాక్టరు ఏదో చెప్పారు. అన్నగారు లోపలికొచ్చి, "నీరు పట్టిందిరా రాఘవా. తోడేశారు" అన్నారు.

మాస్టారు తలకట్టుతోనే ఇన్‌స్టిట్యూటుకు వచ్చి, "ఇన్నాళ్ళూ నా తలలో ఏముందా అని మా అన్నయ్యకు సందేహం. నీళ్ళని తేలింది" అని పిల్లల్ని నవ్వించారు.

ముక్క ఫలితం చెప్పే రోజు బందు. బస్సులు లేవు. గాంధీనగర్ నుంచి అన్నగారు రాలేకపోయారు. వాయిదా వేద్దామని పిన్నిగారు అంటే మాస్టారు వినలేదు. "రిక్షాలో పోతే ఎవరాపుతారు" అన్నారు. నన్ను తోడు రమ్మన్నారావిడ.

డాక్టరు మా ముగ్గురినీ చూసి, "మగవాళ్ళెవరూ రాలేదా?" అని అడిగారు.

"నేనున్నాను కదండీ" అన్నారు మాస్టారు.

"మీరు కాదు. మీ తరఫువాళ్ళు."

"నా తరఫున నేనే వచ్చానండి."

"మా బావగారు రేపు వస్తారండీ" అన్నారు పిన్నిగారు. "రేపు ఆయనతో చెబుదురుగాని."

"రేపటిదాకా ఎందుకు వేదా. నీళ్ళే కదా."

డాక్టరుగారు ఆవిడవైపు, ఆయనవైపు మార్చి మార్చి చూశారు. బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పారు. గొంతులో కటువు లేదు. వరండాలో అయితే ఇంకొకరికి ఎలా చెప్పేవారో అలాగే చెప్పారు.

"మొదటిసారి మొత్తం తీయలేదు. రక్తనాళానికి అంటుకుని ఉంది, తీస్తే మాట పోయేది. కొంత వదిలేశాను. అది మళ్ళీ పెరగొచ్చని, పెరిగితే చెడ్డ రకంగా మారొచ్చని మీ అన్నగారితో అప్పుడే చెప్పాను. ఏటేటా తీసుకొచ్చి చూపించమన్నాను. ఒక్కసారీ రాలేదు. ఇప్పుడున్నది అప్పటి రకం కాదు. క్యాన్సర్. మళ్ళీ కోసి లాభం లేదు. రేడియేషన్ కరెంటు పెట్టిస్తే కొన్ని నెలలు సుఖంగా ఉంటారు."

మాస్టారు తల తిప్పి భార్యవైపు చూశారు. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు. ఆయన చూసింది అదే.

బందు రోజు రెండో రిక్షా దొరకలేదు. ముగ్గురం ఒకదాన్లోనే ఇరుక్కున్నాం. నేను మధ్యలో పడ్డాను. నారాయణగూడ దాటాం. తరవాత ఆయన ఎడమచేత్తో తల తడుముకుంటూ, నా మీదుగా అడిగారు.

"వారం వారం తలంటుతావు. గుంట పూడుతోందని ఎప్పుడు తెలిసింది?"

"ఉగాదికి ముందు."

"మొదట్లో సంగతి? కొంత వదిలేశారన్నది?"

"అప్పుడే. బావగారు చెప్పారు."

"అయిదు వ్రతాలు చేశాం ఇద్దరం కలిసి. పీటల మీద పక్కపక్కన కూర్చుని."

పిన్నిగారు ఏడుస్తున్నారు. "మీరు నవ్వుతూ ఉన్నారండీ. ఎలా చెప్పను?"

"ఆరేళ్ళు నువ్వొక్కదానివే భయపడ్డావు" అన్నారాయన. "భయమైతే నాది కదా. నన్ను పిలవకుండా మీరందరూ పంచుకున్నారు."

సాయంత్రం అన్నగారు నడిచి వచ్చారు. ఆయన మాటలు పైకి మా వాటాకు వినిపించాయి. కిటికీ మూయమని అమ్మ నాకు సైగ చేసింది గాని తనే మూయనివ్వలేదు.

"నీ మంచికేరా రాఘవా. చెప్పి ఉంటే ఆరేళ్ళు బతికేవాడివా? దిగులుతో మొదటి ఏడే పోయేవాడివి."

"పోయేవాణ్ణేమో. అది నేను తేల్చుకోవలసింది. ఏటేటా తీసుకురమ్మన్నారట కదా. ఎందుకు తీసుకెళ్ళలేదు?"

"తీసుకెళితే నీకు అనుమానం రాదూ?"

తరవాత మాస్టారి గొంతు, అరిచినట్టు కాదు, అలిసిపోయినట్టు వినిపించింది.

"నేను ఎంతమంది ఇళ్ళకు వెళ్ళానో నీకు తెలుసా అన్నయ్యా? తలొంచి చూపించాను. అంతా తీసేస్తారు, భయం లేదన్నాను. మీరిద్దరూ వింటూ ఊరుకున్నారు. నా నోటితో అబద్ధం ఆడించారు. నాకు తెలియకుండా నాచేత."

కరెంటు పెట్టించుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు. కాని ఆసుపత్రికి ఒక్కరే వెళ్ళేవారు. ఆదివారం తలంటు మానేశారు. డాక్టరు నీళ్ళు తగలనివ్వొద్దన్నారని చెప్పారు. అది నిజమే. అయినా పిన్నిగారు ఆదివారం పొద్దున నూనె గిన్నె వెచ్చచేసి, చల్లారాక మళ్ళీ సీసాలో పోసేవారు.

ఆ ఏడు వ్రతం వద్దని ఆవిడ బతిమాలారు. ఆయన ససేమిరా అన్నారు. పౌర్ణమినాడు ఇల్లు నిండిపోయింది. జబ్బు తిరగబెట్టిందని అందరికీ తెలుసు. ఆ మాట తెలియనట్టే అందరూ కూర్చున్నారు. ఈరన్న, కురుమమ్మ గుమ్మం బయట మెట్ల మీద కూర్చున్నారు. లోపలికి రమ్మంటే రాలేదు. ఈరన్న తలకు తువ్వాలు చుట్టుకుని, తను కట్టిన పిట్టగోడను తలెత్తి చూసుకుంటున్నాడు. వారంలో ఆపరేషన్. నెత్తురు గడ్డ తీస్తారనే అతను అనుకుంటున్నాడు.

అయిదు అధ్యాయాలూ అయ్యాయి. హారతి ఇచ్చారు. పిన్నిగారు గబగబా ప్రసాదం పళ్ళెం ఎత్తుకున్నారు.

"ఇంకోటి ఉంది వేదా. కూర్చో" అన్నారు మాస్టారు.

ఎవరో అలవాటుగా "ఆరో అధ్యాయం" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

మాస్టారికి అప్పటికే మాట అక్కడక్కడా ఆగుతోంది. కావలసిన మాట కోసం గాలిలో వేళ్ళు కదిపేవారు. మంగలి సంగతీ దుప్పటి సంగతీ చెప్పలేదు.

"ఈ అధ్యాయం చివర నేనొక మాట చెబుతుంటాను. డాక్టరు మా అన్నయ్యతో అన్నమాట. ఆ మాట డాక్టరు అనలేదు. కొంత వదిలేశామన్నారు. మళ్ళీ రావచ్చన్నారు. వచ్చింది. ఇది చెడ్డ రకం. నేను ఇక... ఎక్కువ కాలం ఉండను. ఇన్నాళ్ళూ ఇది నాకు తెలియదు గాని ఇంట్లోవాళ్ళకు తెలుసు. నేను చెప్పగా మీరు విన్నది నిజం కాదు. మీలో ఎవరైనా నా మాట మీద ఎవరినైనా ఆపరేషన్‌కి పంపి ఉంటే, క్షమించండి."

కాశీవిశ్వనాథంగారు లేచి బయటికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఈరన్నను దాటుకుంటూ వెళ్ళవలసి వచ్చింది. మాస్టారి చూపు కూడా అక్కడికే వెళ్ళింది.

"ఇంకొకటి. నాకు జరిగినదానికి నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. కాని నేనూ అదే పని చేశాను. ఈరన్నా."

"సారూ" అన్నాడు ఈరన్న లేచి నిలబడుతూ.

కురుమమ్మ గుమ్మంలోకి వచ్చేసింది. "సారూ, వద్దు సారూ. నీ కాల్మొక్త."

"నీ తలలో ఉన్నది నెత్తురు గడ్డ కాదు ఈరన్నా. నాకు వచ్చినటువంటి గడ్డ. నీకు చెప్పొద్దని మీ ఆవిడకు నేనే సలహా ఇచ్చాను. తప్పు నాది."

ఈరన్న భార్యవైపు తిరిగాడు. "నీకెర్కనా?"

కురుమమ్మ తల వంచుకుంది.

"మా తమ్మునికి?"

"ఎర్కనే."

"బస్తీల ఇంకెవరికెర్క?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరికీ తెలుసన్నమాట. అతను చెప్పులు తొడుక్కుని గేటు దాటి వెళ్ళిపోయాడు. వ్రతంలో ప్రసాదం తీసుకోకుండా వెళ్ళడమంటే మావాళ్ళకు ఎంత భయమో చెప్పనక్కరలేదు. పిన్నిగారు ఆకుదొన్నె పట్టుకుని వీధి మలుపు దాకా పరుగెత్తారు. అతను తిరిగి చూడలేదు. ఆవిడ ఆ దొన్నె తెచ్చి కురుమమ్మ చేతిలో పెట్టారు. ఆడవాళ్ళిద్దరూ గుమ్మంలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు.

"మేమేం పాపం జేసినమమ్మా" అంది కురుమమ్మ.

పిన్నిగారు మిగిలినవాళ్ళకు ప్రసాదం పంచడానికి లోపలికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే ఈరన్న వచ్చాడు. ఒక్కడే. రాత్రంతా ఎక్కడున్నాడో ఎవరూ అడగలేదు.

"సారూ, డాక్టరు కాడికి పోదాం నడు. నువ్వూ నేనే. వేరేటోల్లు వద్దు."

మాస్టారు చొక్కా తొడుక్కున్నారు. గుండీలు పెట్టుకోవడానికి కుడిచెయ్యి సాయపడకపోతే ఈరన్న పెట్టాడు. పిన్నిగారు ముందుకొచ్చి మళ్ళీ ఆగిపోయారు. అక్కడ జరిగింది ఆ మధ్యాహ్నం మాస్టారే నాకు చెప్పారు, ఇన్‌స్టిట్యూటులో, మాటలు వెతుక్కుంటూ. మీవాళ్ళెవరూ రాలేదా అని డాక్టరు అడిగితే ఈరన్న, "మేమిద్దరం ఒకనికొకడు మావోల్లమే సారూ" అన్నాడట. అంతా తీస్తారా, కొంత వదులుతారా అని అడిగాడట. తెరిచి చూస్తేగాని చెప్పలేనన్నారు డాక్టరు. "గట్ల జెప్పు. గట్ల జెప్తె నేనే వేలిముద్ర వేస్త" అన్నాడట ఈరన్న. ఇది చెబుతూ మాస్టారు చాలారోజుల తరవాత నవ్వారు.

"మరి మీ సంగతి ఏమన్నారు మాస్టారూ?" అని అడిగాను.

ఆయన మిషను మీద ఎడమచేత్తో ఒక్కో అక్షరం కొట్టుకుంటున్నారు. వినపడనట్టే కాగితాన్ని ఇంకో వరస పైకి తిప్పారు.

సాయంత్రం ఇద్దరం కలిసే ఇంటికి నడిచాం. పిన్నిగారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. అప్పటికే ఎన్నిసార్లు వచ్చి చూసుకుని వెళ్ళారో.

"ఏమన్నారండీ?" అని అడిగారు.

ఆయన ఆగి, ఒక్కో మాటా సరిగ్గా రావాలన్నట్టు నెమ్మదిగా అన్నారు.

"అంతా బాగానే ఉందన్నారు. ఇక భయం లేదు. నిశ్చింతగా ఉండు."

ఆవిడ గేటు ఊచ పట్టుకున్నారు. ఆయన ఆవిడను తప్పుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ తరవాత ఎప్పుడడిగినా అదే మాట. డాక్టరు ఏమన్నారో, ఇంకెంతకాలమన్నారో ఆవిడకు చెప్పలేదు. అన్నగారికీ చెప్పలేదు. ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "నీతో ఏమైనా అన్నారా అమ్మా?" అని అడిగేవారు. నాతోనూ అనలేదు. అన్నా చెప్పి ఉండేదాన్నో లేదో తెలియదు.

ఈరన్న ఆపరేషన్ నుంచి బతికి బయటపడ్డాడు. కొంత వదిలేశారు. ఆ మాట డాక్టరు అతనికే చెప్పారు. ఎడమ కాలు ఈడుస్తూ, కురుమమ్మతో పాలమూరు వెళ్ళిపోయేముందు మాస్టారిని చూడటానికి వచ్చాడు. భార్యతో మళ్ళీ మాట్లాడుతున్నట్టే ఉన్నాడు గాని మందుల సంచి మాత్రం తన చేతిలోనే ఉంచుకున్నాడు.

అప్పటికి మాస్టారికి మాట పూర్తిగా పోయింది. కుడిచెయ్యి మంచం మీద వేరేవాళ్ళ వస్తువులా పడి ఉండేది. నేను వెళ్ళి మంచం పట్టె మీద వేలితో తాళం వేస్తే కళ్ళు నావైపు తిప్పేవారు.

కార్తీకమాసంలో ఒక ఆదివారం పిన్నిగారు ఆయనకు ఒళ్ళు తుడుస్తున్నారు. నేను గిన్నె పట్టుకుని ఉన్నాను. ఆయన ఎడమచేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుని, మెల్లగా లాగి, చెవి పైన ఉబ్బిన చోట పెట్టారు. అలాగే పట్టుకుని ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. తరవాత కళ్ళు మూసుకున్నారు గాని చెయ్యి వదల్లేదు. ఆ వారంలోనే పోయారు.

పిన్నిగారు ఇప్పుడు గాంధీనగర్‌లో బావగారింట్లో ఉంటున్నారు. మొన్న లైబ్రరీ నుంచి వస్తూ చూడబోతే, కాఫీ ఇచ్చి కూర్చున్నాక అడిగారు.

"చదువుకున్నదానివి కదా, నువ్వు చెప్పు. ఆ రోజు చెయ్యి పట్టుకుని పెట్టారు చూడు. క్షమించానన్నట్టా, నీకు తెలుసుగా అన్నట్టా?"

"నాకు తెలియదు పిన్నిగారూ" అన్నాను.

"నాకు కష్టమవుతుందని చెప్పడం లేదేమో నువ్వు" అన్నారావిడ, నా మొహం వెతుకుతూ.

కాదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు.